మంద వెంట తిరగని కాళ్లు

హన్మమ్మ అత్తవారింట్లో కాళ్ల వాపుకు అందరూ చెప్పేది ఒకే కారణం. పొద్దంతా గొర్ల వెంట తిరిగితే కాళ్లు వాయవా? మామ అలా వాచే పోయాడు, బావా అంతే. ఇద్దరికీ షుగర్ ఉండేది. భర్త బీరన్న కాళ్లు వాచినప్పుడు ఆమె కూడా నమ్మింది, ఉప్పు కాపడం పెట్టింది. వికారాబాద్‌లో పరీక్ష చేయించేసరికి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. ఇప్పుడు బంట్వారం నుంచి తాండూరుకు డయాలసిస్ కోసం అతన్ని తిప్పడమే ఆమె బతుకైపోయింది. ఉన్న మందలో సగం అమ్మేశారు.

తాండూరు డాక్టరమ్మ అరుణాదేవి విడమరిచి చెప్పింది. షుగర్ ఉన్న ప్రతివాళ్లకూ కిడ్నీలు పోవు. అయితే ఇంట్లో ఒకరికి పోతే, షుగర్ ఉన్న మిగతావాళ్లకు ముప్పు ఎక్కువ. అది రక్తంలో వస్తుంది. కొడుకును తీసుకురమ్మంది.

కొడుకు మల్లేశ్వర్‌కు షుగర్ ఉంది. తాండూరు బండలు మోసే ట్రాలీ నడుపుతాడు.

"నేనేమన్న గొర్లు కాస్తున్ననా అమ్మా? పొద్దంతా సీట్ల కూసుంట. నాకెందుకొస్తది?"

హన్మమ్మకు ఒళ్లు మండేది. బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. గోడకు చెప్పినా వినేదేమో.

ఒక ఆదివారం కుల్కచర్ల జంగప్ప, మిగిలిన మందకు పనికొస్తుందని, పొట్టేలును అమ్మకానికి తెచ్చాడు. మల్లేశ్వర్ పళ్లు చూశాడు, వీపు నిమిరాడు.

"దీని తల్లి ఎట్లుండె? దీని ముందటి ఈతల పుట్టినయి మంచిగున్నయా?"

ఒకటి కుంటిదని జంగప్ప నసిగాడు. "అయితె వద్దు మామా," అన్నాడు మల్లేశ్వర్.

హన్మమ్మ చేతిలోని చేట విసిరికొట్టింది. "పొట్టేలుకైతె తల్లిని అడుగుతవ్, తోడబుట్టినదాన్ని అడుగుతవ్! నీకు తాత లేడారా? పెద్దనాయిన లేడా? గా మంచంల పన్నది ఎవరురా?"

"వాళ్లు గొర్లు కాసిండ్రమ్మా..."

"దూరమూరికి ఇచ్చిన మా అక్క కాయలె," అన్నాడు బీరన్న మంచం మీంచి. "ఇంట్ల కూసొని మిషన్ కుట్టేది. ఆమెకు గూడ షుగరే. కాళ్లు వాచే సచ్చిపోయింది."

హన్మమ్మ భర్త వైపు తిరిగింది. ఏళ్లుగా కొడుకుతో గొంతు చించుకుంటుంటే, ఈ మనిషి పక్కనే పడుకుని విన్నాడు.

"గీ మాట ఇన్నొద్దులు యాడ దాసినవయ్యా?"

"నా రక్తంల ఉన్నదంటె, పోరనికి నేనే ఇచ్చినట్టు గాదా," అన్నాడు బీరన్న, గోడవైపు చూస్తూ.

ఆమెకు జాలి కలగలేదు. కోపమే వచ్చింది.

మర్నాడు మల్లేశ్వర్ మూత్రం పరీక్ష చేయించుకున్నాడు. కిడ్నీలు దెబ్బతింటున్న గుర్తుగా మూత్రంలో ప్రోటీను పోవడం అప్పటికే మొదలైందట. మందులు మానకుండా వాడి, షుగర్, బీపీ అదుపులో పెట్టుకుంటే చాలాకాలం కాపాడుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

"నిరుడే వచ్చుంటే ఇంకా బాగుండేది," అంది.

మల్లేశ్వర్ తల్లి వైపు చూశాడు. హన్మమ్మ అతని మొహం చూడలేదు. వంగి, అతని కాలి మీద వేలు పెట్టి నొక్కింది. బీరన్న కాళ్లకు పడినట్టే గుంట పడింది.