చెంపతో వేడి చూసే మనిషి

దబీర్‌పురాలో కార్ల ఇంజన్లకు పెట్రోలు అందించే చిన్న పంపులు బాగుచేసే ఆయనను అందరూ భాయ్ అనేవారు. ఏ పంపు ఇచ్చినా ముందు కాసేపు తిప్పి, చెంపకు ఆనించి వేడి చూసేవారు. అందుకే ఆయన ఎడమ చెంప కుడి చెంపకన్నా నల్లగా ఉండేది.

మా ఆయన చెరువులో మునిగేవాళ్లను కాపాడే స్పీడుబోటు నడుపుతారు. ఇంజను పక్కన బిగించిన పంపు వేడెక్కి, ఆ బోటు రెండుసార్లు నడినీళ్లలో ఆగిపోయింది. రెండోసారి మునుగుతున్నవాణ్ణి చేపలవాళ్లు తెప్ప మీద తెచ్చారు. వాళ్లకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

పంపును టిఫిన్ సంచిలో పెట్టుకుని ఇద్దరం భాయ్ దగ్గరికి వెళ్లాం. ఆయన చూసి, ఇది పనికిరాదు, కొత్తది వెయ్యాలన్నారు.

"కొత్తది గూడ బయటనే పెట్టు భాయ్. ఖరాబైతే నీళ్లలనే మార్చుకుంట," అన్నారు మా ఆయన.

"నువ్వు మార్చేదాంక మునిగేటోడు ఆగుతడా అన్నా? ట్యాంకు లోపలనే పెడ్త. పెట్రోల్ల మునిగుంటె సల్లగుంటది."

"లోపల ఖరాబైతే?" అన్నాను.

"ట్యాంకు మొత్తం ఇప్పాలె చెల్లె. గందుకే నేనే బోట్ల కూసొని చూస్త."

భాయ్ అంతవరకు పడవ ఎక్కలేదు. ఈత రాదు. కొత్త పంపు ట్యాంకులో బిగించాక, రెండు లైఫ్ జాకెట్లు ఒకదానిమీద ఒకటి వేసుకుని, మధ్యాహ్నం ఎండలో గంటసేపు పూర్తి వేగంతో తిప్పించారు. బోటు ఆగలేదు. ఒడ్డుకు దిగి, పక్కకు వెళ్లి వాంతి చేసుకుని, మూతి కడుక్కుని వచ్చారు.

"పంపు మంచిగుంది చెల్లె. నేనే ఖరాబైన."

ఆ వానాకాలం ఆ బోటు ఒక పిల్లను ప్రాణాలతో ఒడ్డుకు తెచ్చింది. పిల్ల తల్లి మా ఆయన కాళ్లకు మొక్కబోతే, ఆయన వెనక్కి జరిగి దబీర్‌పురాకు దారి చెప్పారు.