కొత్త బూట్లకు దిష్టి మసి

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో బూట్లంటే గనిలోకి దిగే మగవాళ్ళవే. ఆడవాళ్ళకు రబ్బరు చెప్పులు, పిల్లలకు ఉంటే అవే, లేకపోతే వట్టి కాళ్ళు. అందుకే పదకొండేళ్ళ వయసులో నాకు మొదటిసారి బూట్లు కొన్నప్పుడు మా క్వార్టర్ల వరుసలో ఆ సంగతి తెలియని ఇల్లు లేదు. తెలియకుండా ఉండనిచ్చానా? ఆ ఆదివారం అట్టపెట్టె చేత పట్టుకుని వరుస ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నేనే తిరిగాను.

బూట్లు కొనడానికి కారణం ఉంది. కరీంనగర్‌లో ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే బడి ఒకటి ఉండేది. అందులో సీటు కావాలంటే పరీక్ష రాయాలి. మా బడి నుంచి నన్ను ఒక్కదాన్నే పంపుతున్నారు. సీటు వస్తే పైచదువు. రాకపోతే ఆ ఏటితో నా చదువు ఆఖరు, ఇంట్లో ఉండి తమ్ముళ్ళను చూసుకోవాలి. మా అమ్మ ఈ మాట కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

పరీక్ష గురువారం మధ్యాహ్నం. పొద్దుటి రైలు అందుకోవాలంటే రామగుండం స్టేషన్‌దాకా నాలుగైదు మైళ్ళు నడవాలి. పెద్దపల్లిలో దిగి మళ్ళీ బస్సెక్కాలి. మా నాన్నకు ఆ రోజు డ్యూటీ. పక్కింటి కాకకు సెలవు కాబట్టి ఆయన నన్ను తీసుకెళ్తానన్నాడు. కాక గనిలో బొగ్గు టబ్బులు తోసేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. గని ఏటవాలు దారిలో రోజూ దిగి ఎక్కే మనిషికి నాలుగైదు మైళ్ళు లెక్కలోకే రావు.

ఆదివారం పొద్దున తలస్నానం చేయించి అమ్మ నన్ను బజారుకు తీసుకెళ్ళింది. నల్లగా నిగనిగలాడే బెల్టు బూట్లు చూశాను. ఇంకేమీ కనబడలేదు. కాలు పెడితే అచ్చు తీసినట్టు సరిపోయాయి. అమ్మ ఒక నంబరు పెద్దవి ఇమ్మంది, ఆ రకంలో పెద్దవి లేవన్నాడు కొట్టు సేటు. అయితే వేరేవి చూద్దామంది అమ్మ. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. టౌనులో పిల్లలందరూ ఇలాంటి బూట్లే వేసుకుంటారని, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారని మా తరగతి పిల్ల ఒకతి చెప్పింది. దానికేం తెలుసని నేను అడగలేదు. నమ్మేశాను. చివరికి అమ్మ విసుగెత్తి అవే కొనిచ్చింది.

సోమవారం సాయంత్రం వేసుకుని ఇంటి ముందు పది అడుగులు వేసేసరికి తెలిసిపోయింది. మడమ దగ్గర ఒరుసుకుంటోంది, చిటికెన వేలు నలుగుతోంది. అమ్మ గుమ్మంలోంచి ఎలా ఉన్నాయని అడిగింది. బాగున్నాయన్నాను. నిజం చెబితే బూట్లు వాపసు పోతాయి, రబ్బరు చెప్పులతో పంపుతారు, గేటు దగ్గర ఆపేస్తారు. నా బుర్రకు తట్టింది అంతే. పళ్ళు బిగబట్టి ఇంకో పది అడుగులు నవ్వుతూ నడిచాను.

కాక తన గడపలో కూర్చుని చూస్తున్నాడు.

"ఏం బిడ్డా, గట్ల నడుస్తున్నవేంది? కరుస్తున్నయా?"

"ఏం లేదు కాకా. మంచిగనే ఉన్నయి."

"మంచిదే. కానీ కొత్త బూట్లు, మెరుస్తున్నయి, అందరు చూసిన్రు. దిష్టి తగుల్తది. లోపట జర మసి పెడ్త, ఇటు తే."

దిష్టి అంటే నాకు భయం. వెంటనే విప్పి ఇచ్చాను. ఆయన పొయ్యి దగ్గరి బొగ్గు మసి కాస్త వేలితో తీసుకుని బూట్ల లోపల నాలుగు పక్కలా పలచగా రాశాడు. వట్టి కాళ్ళతో తొడుక్కుని వరుస చివరి నీళ్ళ నల్లా దాకా వెళ్ళి రమ్మన్నాడు. వెళ్ళి వచ్చాను. విప్పి కాళ్ళు చాపమన్నాడు.

పాదమంతా అక్కడక్కడ మరకలే గానీ మడమ వెనక, చిటికెన వేలి పక్కన మాత్రం మసి చర్మంలోకి ఎక్కినట్టు నల్లగా అంటుకుంది. ఆ నలుపు కింద ఎర్రగా కందిపోయి ఉంది. గనిలో కొత్త బూట్లు ఇచ్చినప్పుడల్లా వాళ్ళు చేసే పని అదేనట. మసి ఎక్కడ గట్టిగా అంటితే అక్కడ బూటు కరుస్తుందని తెలుసుకుంటారు. దిష్టీ లేదు, పాడూ లేదు. నన్ను నమ్మించి నా కాళ్ళనే అడిగాడు.

నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, దొరికిపోయినందుకు. గేటు దగ్గర ఆపేస్తారన్న సంగతి ఆయనకు చెప్పేశాను. కాక నవ్వలేదు.

"అక్కడ ఆపుతరో ఆపరో నాకు ఎర్క లేదు. నేనెన్నడు ఆ బడికి పోలే. కానీ గీ బూట్లతోని టేషన్ దాక పోలేవు. గది మాత్రం ఎర్కే. పొద్దున కాలు ఒక తీరు ఉంటది, షిఫ్టు జేసి గని ఎక్కినంక ఉబ్బి ఇంకో తీరు ఉంటది. గనోడెవ్వడు పొద్దున బూట్లు కొనడు."

అమ్మకు చెప్తావా అని అడిగాను.

"నేను చెప్ప. నడిచేది నువ్వు. ఏది ఏసుకుంటవో నువ్వే చెప్పుకో."

ఆయన చెప్పి ఉంటే బాగుండేదని ఆ రాత్రంతా అనుకున్నాను. తప్పు ఆయన మీదికి పోయేది. మంగళవారం పొద్దున నేనే అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. అమ్మ కందిన మడమ చూసింది.

"ముందుగాల చెప్తే నోటి ముత్యాలు రాల్తయా?" అని ఒకటి వేసింది. వేసిన చేత్తోనే ఆముదం రాసింది.

ఆ సాయంత్రం కాక మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చి, నా చేత నల్లా నుంచి నాలుగు బిందెలు మోయించి, అప్పుడు బజారుకు తీసుకెళ్ళాడు. సేటు బూటులోకి తొంగి చూసి మసి ఉంది, వాడినవి తీసుకోనన్నాడు. మసి నేనే పెట్టిన, అడుగు చూడు, అరిగిందా అన్నాడు కాక. సేటుకు వచ్చే బేరమంతా గనివాళ్ళదే, ఈ మసి సంగతి ఆయనకు కొత్త కాదు. గొణుక్కుంటూనే మార్చి ఇచ్చాడు. నా కాలికి సరిపోయేవి మట్టి రంగు గుడ్డ బూట్లు మాత్రమే ఉన్నాయి. మగపిల్లలు వేసుకునేవి. మేజోళ్ళు తొడిగించి, బొటనవేలి ముందు తన బొటనవేలు వెడల్పు జాగా ఉందో లేదో నొక్కి చూశాడు. కొట్టు మెట్లు దిగమన్నాడు, ఎక్కమన్నాడు. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తగలలేదు, ఎక్కేటప్పుడు మడమ జారలేదు. అందం మాత్రం లేదు. బెల్టు బూట్లు మళ్ళీ అద్దాల బీరువాలోకి వెళ్తుంటే నేను అటు చూడలేదు.

బుధవారమంతా వాటితోనే తిరగమన్నాడు. తిరిగాను.

గురువారం తెల్లవారుతుండగా బయల్దేరాం. స్టేషన్‌కు ఇంకా మైలు ఉందనగా రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఒకటి దారికి అడ్డంగా ఆగి కదలనంటోంది. అది కదిలేసరికి మా రైలుకు వేళ దగ్గరపడింది. కాక నా సంచి లాక్కుని "ఉరుకు బిడ్డా, జల్ది" అన్నాడు. పట్టాల పక్క కంకర మీద ఆ మైలంతా పరుగెత్తాను. రైలు కూత వేసి కదులుతుండగా నన్ను ఎత్తి పెట్టెలో వేసి తానూ ఎక్కాడు. ఊపిరి అందాక చూసుకుంటే నా కాళ్ళకు ఏమీ కాలేదు. బెల్టు బూట్లయితే ఆ గేటు దగ్గరే ఉండిపోయేదాన్ని.

బడి గేటు దగ్గర మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పరీక్ష గది గుమ్మంలో ఒక టీచరమ్మ నిలబడి, చెప్పులూ బూట్లూ వరండాలో విడిచి లోపలికి రమ్మంది. లోపల చాపలు పరిచి ఉన్నాయి. టౌను పిల్లలు, పల్లె పిల్లలు, అందరం వట్టి కాళ్ళతో వరసగా కూర్చున్నాం. దేని కోసం అమ్మతో అబద్ధమాడానో అది గుమ్మం అవతలే ఉండిపోయింది. నాకు సిగ్గేసింది. కాసేపటికి నవ్వొచ్చింది. తర్వాత లెక్కలు మొదలుపెట్టాను.

సీటు వచ్చింది. ఆ తర్వాత బతుకంతా అలాంటి హాస్టళ్ళలోనే గడిచింది, చివరి పద్దెనిమిదేళ్ళు వార్డెన్‌గా. బూట్లు ఇప్పటికీ సాయంత్రం పూటే కొంటాను, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు కొంటాను. అది చిన్న సంగతి. కొత్తగా చేరిన పిల్లల్ని ఎలా ఉన్నావమ్మా అంటే ప్రతి ఒక్కరూ "బాగానే ఉన్నాను మేడం" అనేవారు. నేను సరే అని, నాతో గేటు దాకా నడిచి రమ్మనేదాన్ని. తిరిగి వచ్చేలోపు ఏడవని పిల్లలు చాలా తక్కువ.