ధూంధాం నేలకు పదును

పోశవ్వ నేలను మడమతో చూస్తుంది. కుడికాలి మడమను మట్టిలోకి ఒత్తి, తీసి, ఆ గుంటలోకి నీరు ఊరుతుందా లేదా అని కాసేపు ఆగుతుంది. ఊరితే నేల ఇంకా పచ్చిగా ఉన్నట్టు. గుంట అంచులు సన్నగా పగిలితే పదునుకు వచ్చినట్టు. పదును అంటే తడి ఎక్కువా తక్కువా కాకుండా, నేల మనిషి మాట వినే స్థితి. ఎలా తెలుస్తుందని అడిగితే "కాలుకు ఎరుకైతది" అంటుంది, అంతకంటే చెప్పదు.

కోరుట్ల నుంచి మెట్‌పల్లి వెళ్ళే దారిలో మా ఊరు. ఆ ఊళ్ళో వరి నాట్లు వేసే ఇరవై రెండు మంది ఆడవాళ్ళ ముఠాకు ఆమె పెద్ద. సొంతానికి గుంటెడు భూమి కూడా లేదు. అయినా ఆమె నాటేసిన పొలాలు రుద్రంగి నుంచి జగిత్యాల అవతలి దాకా ఉన్నాయి. బురద సరిగా దున్నని మడిలోకి ముఠాను దిగనివ్వదు. ఒకసారి మల్లాపూర్ దగ్గర ఒక రైతు ఎంత బతిమాలినా దిగకుండా, ఇరవై రెండు మందినీ ఒడ్డు మీద కూర్చోబెట్టి, అతను మళ్ళీ దున్నించిన తర్వాతే నారు చేతపట్టిందట. ఆ రైతే మరుసటి ఏడు ముందుగా వచ్చి, "ఈసారి మంచిగ దున్నిన, వచ్చి సూసుకో పోశవ్వా" అని పిలుచుకు వెళ్ళాడు.

ఇది 2011 సెప్టెంబరు మాట. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, నేను చదివే యూనివర్సిటీ కూడా మూతపడింది. ఆదివారం సాయంత్రం కోరుట్ల శివార్లో ధూంధాం జరపాలని ఉద్యమ కమిటీ నిర్ణయించింది. ఆటా పాటా మాటా కలిసిన బహిరంగ సభ అది. సిరిసిల్ల నుంచి మరమగ్గాల కార్మికుల కళాబృందం వస్తోంది. జగిత్యాల వైపు ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వస్తామని జనం కబురు పంపారు.

అందరికంటే ముందు పాడవలసింది పోశవ్వ ముఠా. కమిటీ కన్వీనర్ క్రాంతి ఆమె ఇంటి వెనక ఇంట్లో పెరిగినవాడు, ఆ నాటు పాటలు చిన్నప్పటి నుంచి విన్నవాడు. కార్యక్రమాల వరస రాసే పని నాకు అప్పగించి, మొదటి పేరు తనే చెప్పాడు. ఆ ఇరవై రెండు మందిలో ఒక్కరు కూడా అంతవరకు స్టేజీ ఎక్కి ఎరగరు. సభలకు వెళ్ళడం, కింద కూర్చోవడం, చప్పట్లు కొట్టి రావడం మాత్రం బాగా ఎరుగుదురు. వారం రోజులుగా కలుపు తీస్తూనే పాట సాధన చేశారు. ఎర్రంచు చీరలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో లెక్క చూసుకున్నారు, లేనివాళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నారు.

మంగళవారం వాన పట్టింది. గురువారం మధ్యాహ్నం దాకా వదల్లేదు.

సభకు స్థలం ఇచ్చింది పురుషోత్తంరావు గారు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో దొరతనం చేసిన కుటుంబం వాళ్ళది. రోడ్డు పక్క నాలుగెకరాల నల్లరేగడిని ప్లాట్లు చేసి అమ్ముదామని లోపలి ఒడ్లన్నీ తీయించి, రెండేళ్ళుగా సాగు లేకుండా పడావు పెట్టాడు. చుట్టూ హద్దు గట్టుగా ఉన్న గెట్టు మాత్రం పొలంగా ఉన్నప్పటిదే. అందుకని పడిన వాన పడినట్టు అందులోనే నిలిచిపోయింది.

గురువారం సాయంత్రం కమిటీ దీక్షా శిబిరంలోనే కూర్చుంది. ఆ రోజు రిలే నిరాహార దీక్ష వ్యవసాయ కూలీల వంతు కావడంతో పోశవ్వ, ఆమె ముఠా బంతిపూల దండలు వేసుకుని పరుపుల మీద ఉన్నారు.

"ఇగ లాభం లేదు," అన్నాడు క్రాంతి. "టౌన్ల ఫంక్షన్ హాల్ మాట్లాడుదం. ఆరువందల మంది పడ్తరు."

"ట్రాక్టర్ల మీద అచ్చేటోళ్లు ఏడ కూసుంటరు?" అని కమిటీలో ఒకరు అడిగారు.

"బయట స్పీకర్లు వెడ్తం. హాల్‌కు టైం తక్కువ. లోకల్ ఐటమ్స్ తీసేసి, సిరిసిల్లోళ్ల పాటలు, ఉపన్యాసాలు ఉంచుదం."

నా చేతిలోని కాగితం మీద మొదటి పేరు అలాగే ఉంది. కొట్టెయ్యమని నాతో ఎవరూ అనలేదు.

"లోకల్ అంటే మేమేనా, కొడుకా?" అని అడిగింది పోశవ్వ, పరుపు మీంచి కదలకుండానే.

క్రాంతి ఆమె వైపు చూడలేకపోయాడు. "నువ్వు గట్ల అనుకోకు పెద్దమ్మ. గంత బురదల జనం ఎట్ల కూసుంటరు చెప్పు."

"కూసుంటరు. లేసుడే కష్టం," అంది నీల. ముఠాలో అందరికంటే చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది. శిబిరమంతా నవ్వింది. పోశవ్వ నవ్వలేదు.

"ఆదివారం పొద్దుమీకెవరకు గా జాగను నేను పదునుకు తెస్త. మీరు ట్రాక్టర్ దించొద్దు, మొరం పొయ్యొద్దు. పచ్చి రేగడిని తొక్కితే ఇగ పది దినాలు మాట వినది."

"తేకపోతే?" అన్నాడు క్రాంతి.

"హాల్లనే వెట్టుకోండ్రి. మేం రాం. పిలువకున్రి."

"మాటనే గదా పెద్దమ్మ?"

"నాటుకస్తనని చెప్పి రాని దినం ఉన్నదారా నాకు?"

శనివారం దాకా చూద్దామని కమిటీ లేచింది.

శుక్రవారం ఎండ కాసింది. పొద్దున్నే ఆమె ఒక్కతే గెట్టు చుట్టూ తిరిగి, పడమటి మూల పల్లాన్ని పట్టుకుంది. ముఠా వచ్చాక అక్కడ గెట్టుకు పారతో గండి కొట్టించి, పొలానికి అడ్డంగా సన్న కాలువలు తీయించింది. నీళ్ళు రోడ్డు పక్క మోరీలోకి దూకాయి. మధ్యాహ్నం ఒక ట్రాక్టరు మొరం కంకరతో వచ్చి ఆగింది. "రెండు ట్రిప్పులు కొడ్త, రోడ్డు లెక్క అయితది," అన్నాడు డ్రైవరు. "దిగుడు నీ ఇష్టం, ఎక్కుడు నీ తరం కాదు," అని ఆమె దారికి అడ్డంగా నిలబడింది. అతను మొరంతోనే వెనక్కి వెళ్ళాడు. సాయంత్రానికి పై సగం నేల బయటపడింది. ముఠా అంతా సంతోషంగా ఇంటిదారి పట్టింది. పోశవ్వ అందరికంటే వెనక బయలుదేరింది.

చీకటి పడ్డాక ఒక గంట వాన కొట్టింది.

శనివారం పొద్దున మేం వెళ్ళేసరికి కింది సగంలో చీలమండ దాకా నీళ్ళు. గంట వానకు అన్ని నీళ్ళు నిలవడమేమిటని చూస్తే, పడమటి మూల గండి పూడ్చి ఉంది. పక్కాగా, ఒక్క చుక్క కారకుండా పూడ్చి ఉంది.

"ఇది దొర పనే," అన్నారు కమిటీ యువకులు. "జాగ ఇచ్చినట్టు పేరు కావాలె, ధూంధాం కావద్దు." నలుగురైదుగురు కలిసి ఆయన ఇంటికి బయలుదేరుతుండగా పురుషోత్తంరావే స్కూటర్ మీద వచ్చాడు. వాన పడింది కదా, నేల ఎలా ఉందో చూద్దామని వచ్చాడట.

"ముంచుదామనుకుంటే జాగనే ఇయ్యకపోదు గద," అన్నాడు, విషయం విని.

"ఇచ్చి ముంచుడు మీకు కొత్తనా, దొరా?" అన్నాడు ఒకడు. ఇంకొకడు స్కూటర్ తాళం గుంజుకున్నాడు. క్రాంతి వాళ్ళను ఆపలేదు. అతని ముఖం కూడా ఎర్రగానే ఉంది.

పోశవ్వ ఇవేమీ వింటున్నట్టు లేదు. గండి దగ్గర గొంతుకూర్చుని, పూడ్చిన మట్టిని వేళ్ళతో తడుముతోంది. గరికపెళ్ళలు గడ్డివైపు లోపలికి తిప్పి పేర్చి ఉన్నాయి. వాటి మీద మెత్తని బురద. బురద మీద మూడు మడమ గుర్తులు, మూడూ ఒకదానికొకటి ఆనుకుని. చేతిరాత చూసి మనిషిని గుర్తుపట్టినట్టు ఆమె వాటిని చాలాసేపు చూసింది. తర్వాత లేచి వచ్చి యువకుల మధ్య నిలబడింది.

"తాళం ఇయ్యిరా ఆయనకు. గండి పూడ్చింది నేను."

తాళం పట్టుకున్నవాడు క్రాంతి వైపు చూశాడు.

"నిన్న పొద్దుమీకి పోంగ పూడ్చిన. పూడ్చినట్టు యాదికి సుత లేదు. గా పెళ్లలు, గా మడిమెలు సూసినంక ఎరుకైంది. ఇది నా చెయ్యి."

మా ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరి పొలమైనా సరే, గెట్టు తెగి నీళ్ళు పోతుంటే చూసినవాళ్ళు పూడ్చి పోవాలి. పగవాడి పొలమైనా అంతే. నాలుగు పెళ్ళలు వేసి, తొక్కి, చేయి కడుక్కుని సాగిపోతారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు. పదేళ్ళ వయసు నుంచి అలా పూడ్చుకుంటూ వచ్చిన మనిషి, పొద్దంతా కష్టపడి తానే కొట్టించిన గండిని, ఇంటికి పోతూ పోతూ ఏదో ఆలోచనలో పూడ్చేసింది.

పురుషోత్తంరావు తాళం తీసుకుని, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. నేను పక్కనే ఉండడం వల్ల విన్నాను. "నువ్వు ఊకున్నా నడిచేది గద పోశవ్వా. నా మీదికే పోతుండె."

"నడిచేది," అంది ఆమె. "గట్ల ఊకున్నంక రేపటి సంది నేను ఏ పొలంల కాలు వెట్టాలె మరి?"

గండిని ఆమే మళ్ళీ తెరిచింది. నీళ్ళు పోతున్నాయి, కానీ ఒక రోజు పోయింది. క్రాంతి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"హాల్ ఖాయం చేస్తున్న పెద్దమ్మ," అన్నాడు. "మాట నీదే గద."

"నాదే. జరసేపు ఆగు."

ఆమె పల్లం నుంచి ఎత్తుకు నడవడం మొదలుపెట్టింది. పది అడుగులకోసారి మడమ ఒత్తి, ఆగి, చూసి, మళ్ళీ నడిచింది. మేమంతా గెట్టు మీద నిలబడి చూస్తున్నాం. తూర్పు అంచు దాకా వెళ్ళి, అక్కడ వానకు ముందే డ్రమ్ముల మీద పలకలు పరిచి కట్టిన స్టేజీని చేత్తో తట్టి, తిరిగి వచ్చింది.

"కింది సగం రేపటివరకు ఎండది. మీది సగం పదునుల ఉన్నది. స్టేజీ గంత ఎత్తున ఎవలు వెట్టమన్నరు?"

"అందరికీ కనవడాలె గద."

"తీసి పల్లంల వెట్టు. స్టేజీ మీద నిలవడేటోళ్ల కాళ్ల కింద పలకలుంటయి. కూసునేటోళ్ల కింద ఏముంటయి? పొడి జాగ వాళ్లకు కావాలె. వాళ్లు మీద కూసుంటే స్టేజీ ఇంక మంచిగ కనవడ్తది."

కమిటీలో పెద్దవాడొకాయన సందేహించాడు. "పెద్దపెద్దోళ్లు వస్తున్రు. పల్లంల నిలవెట్టి మాట్లాడిపిస్తే ఏమనుకుంటరో."

"ఇన్నొద్దులు మేం నిలవడలేదా?" అంది నీల. "ఏమనుకున్నం?"

ముందు క్రాంతి నవ్వాడు. చొక్కా చేతులు మడుచుకుని డ్రమ్ముల వైపు నడిచినవాడూ అతనే.

ఆ పగలంతా, ఆదివారం మధ్యాహ్నం దాకా పని సాగింది. డ్రమ్ములను దొర్లించకుండా, నేల చెదరకుండా, గెట్టు మీదుగా మోసుకుపోయారు. రైస్‌మిల్లు వెనక కుప్పలుగా పడి ఉండే ఊక బూడిదను ముఠా తట్టలతో నెత్తిన మోసింది. చెప్పులతో ఎవరినీ రానివ్వలేదు. బూడిద పలచగా చల్లి, ఎండ తగలనిచ్చి, అప్పుడు తొక్కాలి. తొందరపడి ఒకసారే మందంగా పోస్తే కింద తడి అలాగే ఉండిపోతుందని పోశవ్వ ప్రతి వరసా తనే చూసింది. నాటేసేటప్పుడు వాళ్ళు వెనక్కి నడుస్తారు. ఆ రెండు రోజులూ ఇరవై రెండు మంది భుజం భుజం కలిపి, పాడుకుంటూ, ముందుకు నడుస్తూ నేల తొక్కారు. నేనూ రెండు తట్టలు మోశాను. మూడో తట్ట నా నెత్తి మీంచి ఆమే దించుకుంది. "నువ్వు రాసేదేదో రాసుకో పో బిడ్డ, మెడ వట్టుకుంటది," అంది.

పురుషోత్తంరావు స్కూటర్ దిగి, చెప్పులు విడిచి, గెట్టు మీద కాసేపు నిలబడి వెళ్ళాడు. తర్వాత ఆయన ఇంటి నుంచి రెండు కుండల మజ్జిగ వచ్చింది. నీల వాసన చూసి, "పుల్లగున్నది, గని దొర ఇంటిదే," అని తాగింది.

ఆదివారం మూడు గంటలకు మెట్‌పల్లి దిక్కున మబ్బు పట్టింది. క్రాంతి పది నిమిషాలకోసారి ఆకాశం చూస్తూ, హాల్ యజమానికి ఫోన్ కలిపి మాట్లాడకుండానే పెట్టేస్తున్నాడు. పోశవ్వ ఒక్కసారి కూడా పైకి చూడలేదు. బొడ్రాయి అంత నిబ్బరంగా ఉందని రాయాలనిపిస్తుంది గాని అది నిజం కాదు. కొంగు చివరను పిడికిట్లో బిగించి చుట్టుకుని ఉంది. నాలుగు చినుకులు రాలాయి. బూడిద మీద నాలుగు తడి చుక్కలు పడ్డాయి. అంతటితో మబ్బు విడిపోయింది.

అయిదింటికి ట్రాక్టర్లు మొదలయ్యాయి. వాటిని రోడ్డు మీదే ఆపించారు. చెప్పులు చేతపట్టుకుని జనం గెట్టు దాటి వచ్చి, ఎత్తు మీద వరసలు వరసలుగా కూర్చున్నారు. లేచినవాళ్ళ వెనక బట్టలన్నీ బూడిదతో నల్లగా కనిపిస్తుంటే, చిన్నా పెద్దా తేడా లేకుండా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. సిరిసిల్ల బృందం వచ్చి పల్లంలోని స్టేజీని, ఎదురుగా పైకి లేచినట్టున్న జనాన్ని చూసింది. వాళ్ళ పెద్ద క్రాంతిని పక్కకు పిలిచి, "మంచి జాగ దొరికింది తమ్మీ, ఎవల ఆలోచన?" అని అడిగాడు.

నా కాగితంలో మొదటి పేరు క్రాంతి చదివాడు. ఎర్రంచు చీరల్లో ఇరవై రెండు మంది స్టేజీ ఎక్కారు. మెట్టుగా వేసిన పలక బురదలోకి దిగబడితే ఒకరికొకరు చేయందించుకున్నారు. మైకు పోశవ్వ చేతికిస్తూ క్రాంతి జనంతో అన్నాడు: "ఈ నేలను మనకోసం ఎండవెట్టింది ఈ పెద్దమ్మనే."

చప్పట్లు తగ్గేదాకా ఆమె ఆగింది. మైకును పాముని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంది.

"ఎండవెట్టలే," అంది. "మీది సగమే ఎండింది. కింది సగం ఇంకా పచ్చిగనే ఉన్నది. పిల్లలను ఇటు దిక్కు రానియ్యకుండ్రి."

అని మైకు నీలకిచ్చి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, పాట ఎత్తుకుంది.