ఎర్ర అక్షరాల కింద ఉన్న మిగతా వరుసలు

ప్రియమైన సహోదరీలారా, ఎనిమిది నెలలు నేను ఈ మందిరంలో ఆఖరి వరుసలో, తలుపు పక్కన ఒంటరిగా కూర్చున్నాను. పాటల బృందంలోకి ఎందుకు రావడం లేదని మీరు అడిగితే గొంతు బాగాలేదని చెప్పాను, అది అబద్ధం, ప్రభువు నన్ను క్షమించాడు, మీరూ క్షమించండి. నాకు తెల్లబట్ట అవుతుండేది, పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో. పక్కవాళ్లకు తెలిసిపోతుందేమోనని ప్రాణం పోయేది.

ఎవరికి చెప్పను? సిగ్గుతో మందుల షాపుకి వెళ్లి ఫంగస్ క్రీమ్ తెచ్చి రెండుసార్లు వాడాను, తగ్గలేదు. లోపల కడుక్కునే ద్రవం సీసాలు కొని రోజూ కడుక్కున్నాను, ఆ పూట బాగున్నట్టే ఉండి మర్నాటికి ఇంకా ఎక్కువయ్యేది. మా ఆయన ప్రభాకర్ దగ్గరకు వస్తే తలనొప్పి అని తప్పుకునేదాన్ని. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు, అప్పుడప్పుడూ మెక్సికో ప్లాంటుకి వెళ్తుంటారు. తన మీద కోపమా అని అడిగితే కూడా నోరు విప్పలేకపోయాను.

చివరికి డాక్టర్ దగ్గరకు వెళ్తే, శాంపిల్ తీసి పరీక్షకు పంపారు. శుక్రవారం ఆఫీస్ పనిలో ఉండగా రిపోర్ట్ ఫోన్‌కి వచ్చింది. పైన ఏదో బ్యాక్టీరియా పేరు, పక్కనే ఎర్ర అక్షరాల్లో పాజిటివ్ అని ఉంది. ఆ ఒక్క ముక్కే చదివాను. వెంటనే మెక్సికో ప్రయాణాలు గుర్తొచ్చాయి, ఆయన అక్కడినుంచే ఈ జబ్బు తెచ్చి నాకు అంటించారనుకున్నాను. నా మనసు ఎంత దూరం పోయిందో చెప్పలేను, ఆ శని, ఆదివారాలు ఆయనతో మాట్లాడలేదు, వండి బల్ల మీద పెట్టి పక్కకు వెళ్లిపోయాను. ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో కారులో కూర్చుని, "ప్రభువా, నిజం ఏదైనా సరే నాకు తెలియజెయ్యి, తట్టుకునే బలం కూడా నువ్వే ఇవ్వు" అని ఏడ్చాను.

సోమవారం డాక్టర్ గారిని కలిశాను. ఆమె గుంటూరు నుంచి వచ్చి ఈ దేశంలోనే స్థిరపడిన పెద్దావిడ. నా అనుమానం చెప్పాక, రిపోర్ట్‌ని స్క్రీన్ మీద పెద్దది చేసి, కింద వరుసలన్నీ వేలితో చూపించారు. కలయిక వల్ల అంటుకునే జబ్బులకు చేసిన పరీక్షలన్నిటి పక్కనా లేదు, లేదు అనే ఉంది.

"ఇది చూసి మీ ఆయన తప్పు చేశాడనుకోవడానికి లేదమ్మా. లోపల మంచి బ్యాక్టీరియా తగ్గి, వేరేవి పెరిగాయి, అంతే. చాలామందికి వస్తుంది. ఆ కడగడం మాత్రం ఇవాళే ఆపెయ్, మంచివి కూడా కొట్టుకుపోతాయి" అన్నారు.

లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుందట, బయట నీళ్లతో కడుక్కుంటే చాలట, సువాసన సబ్బులు వద్దు, కాటన్ లోదుస్తులు మంచివి అని చెప్పారు. ఫంగస్ వేరు, ఇది వేరు, అందుకే ఆ క్రీమ్ పనిచేయలేదు. ఏడు రోజుల మాత్రలు రాసి, తగ్గినట్టున్నా మధ్యలో ఆపొద్దన్నారు.

ఆ సాయంత్రం ప్రభాకర్‌కి అంతా చెప్పాను, అనుమానపడ్డానని కూడా చెప్పాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. తర్వాత, "నన్ను అడగాల్సింది. నువ్వొక్కదానివే ఎందుకు మోశావ్?" అన్నారు. ఇద్దరం మోకరించాం.

ఒక్క రోజులో అంతా అయిపోయిందని చెప్పను. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి దాచలేదు, వెంటనే వెళ్లి పరీక్ష చేయించుకుని మందు వాడాను. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాను, దేవునికే మహిమ! ఒకే మాట చదివి భర్తకు శిక్ష వేసిన నాచేత మిగతా వరుసలు చదివించిన దేవుడు ఆయన.

సహోదరీలారా, మీలో ఎవరైనా వాసనతో, దురదతో, మంటతో, సిగ్గుతో తలుపు పక్కన కూర్చుని ఉంటే, ప్రార్థన చేయండి, డాక్టర్‌కీ చూపించండి. ఈ దేహాన్ని చేసినవాడు దాన్ని చూసి అసహ్యించుకోడు, ఆయన్ని నమ్మండి. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే నాకు చెప్పండి, నేను డ్రైవ్ చేస్తాను, మీ పేరు పిలిచేదాకా పక్కనే కూర్చుంటాను.