అక్క ఫోటో వెనక రంగు

అక్క పోయాక మొదటి ఏడాది గడిచింది. హాస్టల్ నుంచి వచ్చిన అక్క కూతురు నన్ను ఒక్కటే అడిగింది.

"పిన్నీ, అమ్మ ఫోటోలన్నీ ఒక బుక్కులా సేసి ఇత్తావా? గోడ మీద ఫోటో మా అమ్మలా లేదు."

గోడ మీది ఫోటో ఆధార్ కార్డులోది. దాన్నే పెద్దది చేయించి దండ వేశాం. నిజమే, అందులో అక్క ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషిలా ఉంటుంది.

నేను చిన్నపిల్లల బళ్లో టీచర్ని. రంగు కాగితాలు, కత్తెర, జిగురు నాకు రోజూ ఉండేవే. ఇలాంటి పుస్తకంలో ఫోటోలు అంటించడం ఎవరైనా చేస్తారు. వాటి వెనక ఏ కాగితం వెయ్యాలో తేల్చుకోవడమే అసలు పని. రంగు కుదరకపోతే మనిషి మొహం వెలవెలబోతుంది. కుదిరితే పాత ఫోటోకి కూడా కళ వస్తుంది. మద్దిలపాలెంలోని షాపులో ఒక కట్ట కాగితాలు కొని తెచ్చి హాల్లో పరిచాను. ఎగిరిపోకుండా ఫ్యాన్ ఆపేశాను. ఆ ఉక్కలో చెమట కాగితం మీద పడకుండా చూసుకోవడం ఇంకో పని.

చిన్నప్పటి ఫోటోలు ఇబ్బంది పెట్టలేదు. పద్మనాభం ఊరి దగ్గర మా పొలం గట్టు మీద ఇద్దరం నిలబడ్డదానికి లేత ఆకుపచ్చ వేశాను. పెళ్లి ఫోటోకి పసుపు. యారాడ బీచిలో బావ పక్కన తడిసిన కుచ్చిళ్లు పట్టుకుని నవ్వుతున్నదానికి నీలం. బావ పోర్టులో క్రేన్ నడిపేవాడు. గుండెనొప్పితో ఉన్నట్టుండి పోయాడు. అప్పటికి అక్కకి ముప్ఫై కూడా నిండలేదు. అక్కడి నుంచి ఫోటోలే తక్కువ.

ఆ కాసిన్నిట్లో ఒకటి మా గృహప్రవేశం నాటిది. ఆ రోజు అక్క ఎర్రచీర కట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే అమ్మ అక్క చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. బయటికి వచ్చేసరికి అక్క ఒంటి మీద అమ్మ బూడిదరంగు చీర ఉంది. భర్త పోయిన ఆడది శుభకార్యానికి ఎరుపు కట్టకూడదని మా ఇళ్లల్లో పట్టింపు. నాన్న పోయాక అమ్మా కట్టలేదు. తను పాటించిందే కూతురి చేతా పాటింపజేసింది. అక్క ఆ చీరతోనే అందరికీ వడ్డించింది, ఫోటోలో ఓ చివరన నిలబడింది. ఆనాడు అమ్మ మీద వచ్చిన కోపం నాకింకా చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు.

ఆ ఫోటో వెనక ఎర్రకాగితం పెట్టి చూశాను. అక్క మొహం తేటపడింది. అంతలో అమ్మ వచ్చింది.

"ఏటే అది? తీసీ. దానికి ఎరుపేటి?"

"కాయితమే కదమ్మా."

"కాయితమైతే మాత్తరం? నలుగురూ సూత్తారు. ఆ తెల్లది పెట్టు."

"సచ్చిపోయినాక కూడా నలుగురి బయమేనా?" అనేశాను.

కోపమొస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది. అమ్మ ఫోటో తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని నేల మీద పెట్టి లోపలికి వెళ్లి పడుకుంది.

నేను ఎరుపూ అంటించలేదు, తెలుపూ అంటించలేదు. ఆ పేజీ వదిలేసి మిగతావి చేసుకుంటూ పోయాను. తెల్లకాగితం వేసి ఇస్తే, వాళ్లమ్మ ఏ కోరికా లేకుండా బతికిందని ఆ పిల్ల అనుకుంటుంది. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నా చేత్తో అంటించడం నావల్ల కాలేదు.

జిగురు అయిపోయి మళ్లీ షాపుకి బయల్దేరుతుంటే అమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నానూ వత్తాను."

తెల్లకాగితం కొనిపించడానికే అనుకున్నాను. షాపులో నేను జిగురు అడుగుతుండగానే అమ్మ ముందుకు వచ్చింది.

"బాబూ, ఎర్రకాయితాలు సూపించు."

జిగురు సంగతి వదిలేసి నేను అమ్మ వైపు తిరిగాను.

"పెల్లి పనేటి మామ్మా?" అన్నాడు షాపాయన.

"కాదు."

అతను ఒకటి తీశాడు. అమ్మ అడ్డంగా తలూపింది. ఇంకొకటి తీస్తే మరీ నారింజలా ఉందంది. జరీ పువ్వులున్నది చూపిస్తే చేత్తో పక్కకి నెట్టింది.

"ముదురుగుండాల. కుంకం తడిపితే ఎలగుంతాది, అలగ."

అతను విసుక్కోకుండా పైఅరలోంచి ఇంకో కట్ట దించాడు. అమ్మ చేతులు చీర చెంగుకి తుడుచుకుని ఒక్కో కాగితమూ బయటి వెలుతురులోకి పట్టి చూసింది. ఒకదాని దగ్గర ఆగిపోయింది.

"ఇదే."

"అన్నీ ఒకలాగే ఉన్నాయి కదా మామ్మా, ఇదేనని ఎలా సెప్తన్నావు?" అని నవ్వాడతను.

అమ్మ నవ్వలేదు. నా వైపూ చూడలేదు.

"మా పెద్దమ్మాయి సీర రంగు బాబూ. కట్టుకుంతానమ్మా అని బతిమాలింది. నానే తీయించీసినాను. ఈ సేతుల్తోటే మడతెట్టినాను. మర్సిపోతానేటి?"