టీచరమ్మ తనకు తానే వేసుకున్న పసుపు పట్టీ

మా టీచరమ్మ పోయారు. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున, నేను కోడంబాక్కం స్టేషన్లో లోకల్ రైలు కోసం నిలబడి ఉంటే వాళ్ళ చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క పోయింది అబ్బయ్యా. కాఫీ ఇద్దామని పోతే లేవలేదు" అన్నారు. రెండు రైళ్ళు వెళ్ళిపోయాక గాని నేను ఆఫీసుకు కాదు, చింతాద్రిపేటలో వాళ్ళింటికి వెళ్ళాలని తోచలేదు.

ఆమె ఎవరో మా బ్లాగు చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. మేం పదిమందిమి కలిసి తెలుగులో ఒక సైన్సు బ్లాగు నడుపుతున్నాం. ఎవరికి తోచింది వాళ్ళు రాస్తాం. ఆ రాసింది సొంతమా, ఎక్కణ్ణుంచైనా ఎత్తిందా, అసలు వేయదగ్గదేనా అని చూసే పని ఆమెది. చెన్నైలోనే పుట్టి పెరిగి, ఇక్కడి తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పి రిటైరయిన మనిషి. మేమంతా టీచరమ్మ అనే పిలిచేవాళ్ళం.

ఆమె పద్ధతులు చూసి మొదట్లో నవ్వుకునేవాణ్ణి. ప్రతి వ్యాసాన్నీ వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, ఆకుపచ్చ ఇంకు పెన్నుతో దిద్దేవారు. ఎర్ర ఇంకు చూస్తే పిల్లలు బెదిరిపోతారట. మాలో యాభై దాటిన పిల్లలు కూడా ఉన్నారు. తర్వాత, కూర తరుగుతున్న చెల్లెలి ఎదురుగా కూర్చుని దాన్ని పైకి చదివేవారు. చెల్లెలు కత్తి ఆపి "అంటే ఏంది?" అన్న చోటల్లా ఒక గీత. గీతలు మూడు దాటితే వ్యాసం వెనక్కి వచ్చేది. "మా చెల్లెలికి తెలీలేదంటే తప్పు మా చెల్లెలిది కాదు" అనేవారు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఈ చాదస్తం ఎందుకని కాపీలు పట్టే ప్రోగ్రాం ఒకటి తెచ్చి బ్లాగుకు తగిలించాను. వ్యాసం అందులో వేస్తే ఎంత శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తుంది. టీచరమ్మ శ్రద్ధగా నేర్చుకున్నారు. ఎత్తిన వ్యాసం దొరికితే తీసెయ్యకుండా, దాని నెత్తిన ఒక పసుపు పట్టీ వేసి, ఎవరు రాశారో, ఎక్కణ్ణుంచి తెచ్చారో అందులో చెప్పాలని నియమం కూడా పెట్టారు. ఆ నియమానికి అందరికంటే గట్టిగా చేతులెత్తినవాణ్ణి నేనే.

ఇక సిగ్గు విడిచి చెప్పాలి. మంచు మీద ఉప్పు వేస్తే ఎందుకు కరుగుతుందో నేను ఒక వ్యాసం రాశాను. రాశాను అంటున్నాను గాని, ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని ముందు పెట్టుకుని పేరా పేరా తెలుగు చేశాను. ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. భాష మారిపోయింది కాబట్టి నా ప్రోగ్రాం సున్నా శాతం అని చూపించింది. టీచరమ్మ అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని ఉన్నారు, కాబట్టి ఆమె చూడకుండానే వ్యాసం పడింది. జనం విరగబడి చదివారు. ఆఫీసులో మా మేనేజరు కూడా మెచ్చుకున్నాడు. రాజమండ్రిలో మా నాన్న ప్రింటు తీయించి వీధిలో వాళ్ళందరికీ చూపించాడు.

నెల తర్వాత టీచరమ్మ ఫోన్ చేశారు.

"అబ్బయ్యా, మీ కోడంబాక్కంలో మంచు ఎప్పుడు పడిందప్పా? మా చింతాద్రిపేటకు రాలేదే."

నాకు అర్థం కాలేదు.

"రాసినావు కదా, చలికాలంలో మన మునిసిపాలిటీ వాళ్ళు రోడ్ల మీద ఉప్పు చల్లేది ఇందుకే అని. ఏ మునిసిపాలిటీ అది?"

తెలుగు చేసే హడావిడిలో 'మన' కూడా చేర్చిపారేశాను.

"నీ మిషనుకు తెలీదు సరే. నీకు తెలుసు కదా" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వ్యాసం చడీచప్పుడు లేకుండా తీసేద్దామని బతిమాలాను. కుదరదన్నారు. పోనీ పట్టీలో పేరు లేకుండా రాయమన్నాను.

"పోస్టు కింద పేరు ఏసుకున్నావు కదా. ఆడ ఉండే పేరు ఈడ వద్దంటే ఎట్లా?"

"మా నాన్న చూస్తాడు టీచరమ్మా. వీధంతా చూపించుకున్నాడు. ఆయన ముందు తలెత్తుకోలేను. ఇంక నేను రాయను కూడా."

చెల్లెలు తెచ్చిన కాఫీని టీచరమ్మ నా వైపు జరిపారు. తర్వాత, "ఈడ కుల్ఫీ బండోడు కుండలో ఐసు మీద ఉప్పు ఎందుకేస్తాడో చూసినావా? అదీ ఇదే లెక్క. అది రాసుంటే నీదయ్యేది. సరి, శనివారం దాకా టైమియ్యి నాకు" అన్నారు.

శనివారం బ్లాగులో ఒకటి కాదు, రెండు పట్టీలు పడ్డాయి. మొదటిది టీచరమ్మ వ్యాసం మీద. తడిబట్టలు ఎలా ఆరతాయో చెప్పే ఆ వ్యాసమంటే మా అందరికీ ప్రాణం. 'ఇందులో మూడు పేరాలు పాత తొమ్మిదో తరగతి పాఠ్యపుస్తకంలోవి. ఆ సంగతి ఇక్కడ రాయకపోవడం నా తప్పు' అని కింద ఆమె పేరు. దాని తర్వాత నాది.

మా బ్లాగు వాళ్ళ గ్రూపులో గగ్గోలు పుట్టింది. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం నోటికొచ్చేసి ఉంటుందిలే అన్నారు కొందరు. ఆమే ఇలా చేస్తే ఎలా అన్నారు ఇంకొందరు. ఒకాయన ఇక ఆమె వ్యాసాలు చూడటం మానేస్తే మంచిదని కూడా రాశాడు. ఆమె ఒక్క మాటకూ జవాబివ్వలేదు. ఆ గొడవలో నా పట్టీని పట్టించుకున్న నాథుడు లేడు. మా నాన్న ఫోన్ చేసి, "అంతటావిడే ఒప్పుకుంది, నీదేముందిరా" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల కాస్త సంతోషించాను కూడా.

తర్వాతి నెల కుల్ఫీ బండి మీద వ్యాసం రాశాను. ఆకుపచ్చ గీత ఒక్కటే వచ్చింది. అప్పట్నుంచి రాస్తూనే ఉన్నాను.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళితే, చెల్లెలు బీరువా తెరిచి పుస్తకాలు నన్ను తీసుకుపొమ్మన్నారు. అట్ట ఊడిన ఆ తొమ్మిదో తరగతి పుస్తకం అందులో ఉంది. మొదటి పేజీలో, పాఠాలు రాసినవాళ్ళ జాబితాలో టీచరమ్మ పేరు ఉంది. ఎదురుగా, ఆమె రాసిన పాఠం పేరు. బట్టలు ఆరే సంగతి ఆ పాఠంలోదే.

"ఇది ఆమే రాశారా?"

"ఇంకెవరు రాసేది? ఈ బల్ల మీదే కదా కూర్చోని రాసింది" అన్నారు చెల్లెలు.

"మరి ఆ రోజు అందరూ అన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"నేనూ అడిగినా. రాసిందాంట్లో అబద్ధం ఏముండాది, పుస్తకంలోదే కదా అనింది. ఊరికే ఉండవే, ఆ అబ్బయ్య ఆడ ఒక్కడే నిలబడుండాడు అనింది."

అక్కడే కూర్చుని ఏడ్చాను. చెల్లెలు నన్ను ఊరడించలేదు, ఆవిడా ఏడుస్తున్నారు.

ఇప్పుడు బ్లాగు తాళాలు నా చేతికిచ్చారు. నిన్న ఆ మొదటి పేజీని ఫోటో తీసి టీచరమ్మ వ్యాసం కింద పెట్టాను. ఆ మూడు పేరాలూ ఆమెవేనని రాసి, పసుపు పట్టీ తీసేశాను. నా దాన్ని ముట్టుకోలేదు. మా నాన్నకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

ఇవాళ మీరు మా బ్లాగు తెరిచి చూస్తే పసుపు పట్టీ ఒక్కటే కనిపిస్తుంది. అందులో నా పేరుంది.