ఏమీ పడని రోజు

బొగ్గు గనుల్లో సేఫ్టీ ఆఫీసరుగా పదవీ విరమణ చేసిన మరుసటి వేసవిలో, చెన్నైలో వ్యాసర్పాడి దగ్గర సాగుతున్న జంట సొరంగాల పనికి భద్రతా సలహాదారుగా చేరాను. కోడంబాక్కంలో అద్దె గది తీసుకున్నాను. సొరంగంలో బొగ్గు లేదన్న మాటే గానీ, నెత్తిమీద కప్పు ఉన్నచోట భయం ఒక్కటే.

ఫోర్‌మన్ మునుస్వామిది తాతల కాలం నుంచి వ్యాసర్పాడిలోనే ఉన్న తెలుగు కుటుంబం. రెండు సొరంగాలను కలిపే అడ్డదారిని మనుషులతో తవ్విస్తున్నాడు. ఒకరోజు కప్పును మోసే ఉక్కు కమాను టప్పుమంది. వెంటనే పనివాళ్ళందర్నీ పైకి పంపేశాడు. గనిలో సర్దార్‌కు, అంటే షిఫ్టులో మనుషుల ప్రాణాలకు పూచీపడే ఉద్యోగికి, చట్టమే ఈ అధికారం ఇస్తుంది. ఇక్కడ నేను వచ్చాక పట్టుబట్టి పెట్టించిన నియమం అది.

కొలతలు తీశాం. కప్పు కదల్లేదు. కమాను కింద బిగించిన చీల సర్దుకున్న చప్పుడది. షిఫ్టంతా పోయింది. ప్రాజెక్టు మేనేజరు, విజయవాడాయన, మునుస్వామిని పైన సామాను చూసుకునే పనికి మార్చమన్నాడు. పిరికివాడితో పని సాగదట. చేతులు కాలకముందే ఆకులు పట్టుకున్నవాణ్ణి చూసి నవ్వడం మనకు అలవాటే. నాకు ఒళ్ళు మండింది.

సాయంత్రం మునుస్వామి నా దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

“ఒక్క పెళ్ళ రాల్లేదు సార్. అందురూ నవ్వతా ఉండారు. ఇంకోతూరి చప్పుడొస్తే నాకు నోరు లేస్తాదా?”

నేను భయపడిందీ దానికే. మేనేజరుకు మా బాయి, అంటే నేను పనిచేసిన బొగ్గు గని సంగతి చెప్పాను. అక్కడా ఒక సర్దార్‌ను ఇలాగే ఎగతాళి చేశారు. తర్వాత కప్పు చప్పుడు చేసినప్పుడు అతను ‘ఇంకాస్త చూద్దాం’ అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళలో ఒక్కడే బయటికొచ్చాడు.

“మునుస్వామిని మారిస్తే చప్పుడు విని చెప్పేవాడు మీకుండడు. నేనూ ఉండను” అన్నాను.

మర్నాడు ఆయన షిఫ్టుకు ముందు జరిగే భద్రతా సమావేశానికి తానే వచ్చి, మునుస్వామి చేసిందే సరైన పని అని అందరి ముందూ చెప్పాడు.

వానలు మొదలయ్యాక మునుస్వామి మళ్ళీ మనుషుల్ని పైకి తెచ్చాడు. అప్పుడూ ఏమీ పడలేదు. ఎవరూ నవ్వలేదు. టీ తాగుతూ కూర్చున్నారు. మేం కప్పు పరీక్షించి సరేనన్నాక దిగారు.

మా పనికి రుజువు దొరకదు. పడని కప్పును ఎవరికీ చూపించలేం. ఒట్టి చప్పుడుకు మనుషుల్ని బయటికి తెచ్చినవాడు తలెత్తుకుని మళ్ళీ దిగగలిగితేనే ఆ చోటు క్షేమం. మా బాయి సర్దార్‌కు ఆ వీలు దొరకలేదు.